మన మీద ఇంత ప్రేమా?

ఒడిశా-ఆంధ్ర సరిహద్దులోని పర్లాకిమిడిలో మా బాబాయిగారి పింఛను అర్జీ మూడేళ్లుగా ఏ బల్ల మీద నిద్రపోతోందో ఎవరికీ తెలియదు. అలాంటి మనిషికి మొన్న ఉదయం ఒక ఈమెయిలు వచ్చింది. 'ప్రియమైన ఖాతాదారునికి, మీ మెయిలు ఖాతా 24 గంటల్లో మూసివేయబడును. వెంటనే ఈ లింకు నొక్కి పాస్‌వర్డు ధ్రువీకరించగలరు.' బాబాయిగారి కళ్లు చెమర్చాయి. "మన కోసం ఇంత తొందరపడే ఆఫీసు లోకంలో ఒకటుందిరా!"

ఆ తొందరే దొంగ ఆనవాలని నా సిద్ధాంతం. అసలు ఆఫీసుకు మన మీద అంత ప్రేమ ఉండదు. దొంగకే ఉంటుంది, పాపం, మన పేరు మాత్రం తెలియదు.

వాడుక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన ఊరు మాది. 'మూసివేయబడును' అనగానే మాకు అనుమానం రావాలి. కానీ దొంగలు కూడా భాష దిద్దుకున్నారు కాబట్టి వ్యాకరణాన్ని నమ్ముకుని లాభం లేదు. నంబరు ప్లేటు చూడాలి. పాతపట్నం వైపు నుంచి వచ్చే బండి మీద ఏ పేరు రాసి ఉన్నా, అది ఒడిశా వారి 'ఓడీ'యా, ఆంధ్రా వారి 'ఏపీ'యా అన్నది మేం ప్లేటు చూసే చెబుతాం. మెయిలు పంపినవారి పేరు బండికి వేసిన రంగు. దాని వెనకున్న చిరునామా ప్లేటు.

ఆ పేరును వేలితో తాకితే చిరునామా బయటపడింది. కంపెనీ ఇంగ్లీషు పేరులో 'ఎమ్' (m) ఉండాల్సిన చోట 'ఆర్', 'ఎన్' (rn) ఒకదానికొకటి అతుక్కుని కూర్చున్నాయి. బాబాయిగారు భూతద్దం పెట్టినా ఒప్పుకోలేదు. కాగితం మీద ఒడియా 'ఠ', పక్కనే మన సున్నా రాసి చూపించాను. అప్పుడు ఒప్పుకున్నారు.

"లింకు నొక్కితే తెరుచుకునే పేజీకి తాళం గుర్తు ఉంటే?" అన్నారు. దొంగ తన ఇంటికి తాళం వేసుకోకూడదని ఎక్కడుంది? ఆ గుర్తు దారి భద్రతకే, ఇంటాయన గుణానికి కాదు. ఖాతా సంగతి చూడాలంటే చిరునామా మనమే టైపు చేసి వెళ్లాలి. డబ్బే పోయిందా, ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైను 1930కి ఫోను చేయాలి.

బాబాయిగారు శ్రద్ధగా విన్నారు. వారం తిరక్కుండా పింఛను మంజూరైందని మెయిలొచ్చింది. ఆయన నొక్కలేదు. ఎండలో నడిచి ఆఫీసుకే వెళ్లి, ఇది మీరు పంపిందేనా అని అడిగారు.

"ఇలాంటివి నోటితో చెప్పం. మెయిలు పెట్టండి" అన్నారట.