గుడ్లగూబ సహకరించడం లేదు

పోయిన నెల మా మేనల్లుడు వాట్సాప్‌లో ఒక రీల్ పంపాడు. 42 సెకన్లు. వెనక డప్పులు, కొమ్ము బూరలు, ఎవరో హీరో జైలు నుంచి విడుదలైనట్టు మ్యూజిక్. తెర నిండా ఒక పెద్ద గుడ్లగూబ. చెవుల దగ్గర కొమ్ముల్లా లేచిన ఈకలు, నారింజ రంగు కళ్ళు, రెక్కలు చాటలంత విప్పి ముక్కు టకటక కొడుతోంది. కింద ఎర్రక్షరాలు: "అంతరించిపోతున్న వేటపక్షిని కాపాడుకుందాం. ఫుల్ వీడియో కోసం ఫాలో అవ్వండి."

గుడ్లగూబ అట్లా ముక్కు కొట్టిందంటే "దగ్గరికొస్తే గుడ్లు పీకుతా" అని అర్థం. మావాడు దాని పక్కన "క్యూట్ రియాక్షన్" అని రాసి రెండు గుండె బొమ్మలు పెట్టాడు. ఇంకో సంగతి, ఈ జాతి అంతరించిపోవడం లేదు. ఆ పని మావాడు ఇప్పుడే మొదలుపెట్టాడు.

వెనకటికి పక్షుల్ని కాపాడాలంటే వాటి జోలికి పోకుండా ఉంటే సరిపోయేది. పాపం, అప్పటి జనానికి తెలివి తక్కువ. పైగా మన తెలుగోళ్ళకు వేటపక్షుల మీద గౌరవం కూడా అంతంతే. అప్పులోడు రాబందులా పీక్కుతింటాడు, గుడ్లగూబ ఇంటి మీద అరిస్తే ఎవరికో మూడిందంటాం, దసరా నాడు మాత్రం పాలపిట్ట కోసం ఊరి బయట మెడలు నొప్పెట్టేదాకా వెతుకుతాం. ఇప్పుడు రోజులు మారాయి. ఎవరూ ముట్టని గుడ్లగూబకూ అభిమానులు వచ్చారు. అభిమానం మామూలుగా లేదు, గూట్లోకి తల పెట్టేంత.

షూటింగ్ చూద్దువు గానీ రమ్మని మావాడే ఓ ఆదివారం నన్ను బండెక్కించుకున్నాడు. హనుమకొండ నుంచి ముప్పావుగంట. గుట్ట పేరు చెప్పను, చెప్తే వచ్చే ఆదివారం మీరే బయల్దేరతారు. మేం పోయేసరికి గుట్ట కింద మూడు కార్లు, తొమ్మిది బండ్లు. మోచేయంత లెన్సులు, మూడు కాళ్ళ స్టాండ్లు, ఆకులు కుట్టిన మిలిటరీ జాకెట్లు. జాకెట్ ఎందుకయ్యా అంటే పక్షికి కనపడకుండా ఉండడానికట. ఆ జాకెట్ వేసుకునే ఒకాయన ఫోన్‌లో గట్టిగా "అన్నా, లొకేషన్ పెట్టిన, రా, ఇంకా ఎగిరిపోలే!" అని అరుస్తున్నాడు. బూట్లు మాత్రం చిలక పచ్చ.

గూడంటే పెద్ద గూడేం కాదు. పుల్ల కూడా పేర్చదు ఈ పక్షి, బండ సందులో మట్టి మీదే గుడ్లు పెడుతుంది. సందు ముందు ఒక సీతాఫలం చెట్టు. దాని కొమ్మ నీడ సరిగ్గా గుడ్ల మీద పడుతుంది. ఆ కొమ్మ ఫ్రేముకు అడ్డం వచ్చింది. "ఒక్క నిమిషం" అని ఒకాయన కారు డిక్కీలోంచి కొడవలి తీశాడు. పక్షుల్ని కాపాడబోయేవాడి డిక్కీలో కొడవలి ఎందుకుందో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు. కొమ్మ పడింది. వెలుతురు వచ్చింది. చప్పట్లు కొట్టారు.

తర్వాత వరుస. ఒక్కొక్కరికీ మూడు నిమిషాలు. మేడారం గద్దెల దగ్గర కూడా జనం ఇంత బుద్ధిగా నిలబడటం నేను చూడలేదు. గూబ కళ్ళు సగం మూసుకుని కూర్చుంది, అది దాని నిద్ర టైము. అది పనికిరాదట, ఎక్స్‌ప్రెషన్ లేదట. ఒకాయన ఫోన్‌లో ఇంకో గుడ్లగూబ కూత పెట్టాడు. తన హద్దులోకి వేరే గూబ వచ్చిందనుకుని ఇది లేచి, ఉబ్బి, ముక్కు కొట్టింది. ఎక్స్‌ప్రెషన్ వచ్చింది. ఆ కూత పదకొండుసార్లు పెట్టారు, నేనే లెక్కపెట్టాను. మీ ఇంటి ముందు తెల్లారేదాకా ఎవడో "ఈ ఇల్లు నాది" అని మైకులో అరుస్తుంటే మీ ముఖంలో కూడా ఎక్స్‌ప్రెషన్ బాగానే వస్తుంది.

మధ్యలో ఇంకొకాయన కవర్లోంచి చికెన్ లెగ్ పీస్ తీసి బండ మీద పెట్టాడు, వేట సీను కావాలని. స్కిన్‌లెస్. రాత్రంతా వరి మడుల్లో ఎలుకల్ని పట్టే పక్షి అది. రెక్కలు చప్పుడు కాకుండా వచ్చి, ఎలుక వెనక్కి చూసేలోపు పని ముగిస్తుంది. దాన్ని పట్టపగలు పద్నాలుగు మంది ముందు లెగ్ పీస్ మీద దాడి చేయమన్నారు. చేయలేదు. "అస్సలు కోఆపరేట్ చేస్తలేదు మామా" అని మావాడు నిజంగానే బాధపడ్డాడు.

ఇక డ్రోన్. లేచి రెండు నిమిషాలు కాకముందే మీద తిరుగుతున్న గద్ద ఒకటి కోడిపిల్లను తన్నుకుపోయినట్టు వచ్చి తన్నింది. డ్రోన్ తుమ్మచెట్టులో పడింది. ఓనరు తలపట్టుకుని, "ఈ గద్దలకు బుద్ధి లేదు, మనం వాటికోసమే గదా చేస్తున్నం" అన్నాడు. ఆ రోజు గుట్ట మీద వన్యప్రాణి సంరక్షణ చేసింది ఎవరైనా ఉంటే ఆ గద్ద ఒక్కటే.

చివరికి గూబ ఎగిరింది. అందరూ ఎదురుచూసిన షాట్ అదేనట, స్లో మోషన్‌లో చాలా బాగా వచ్చిందట. పగటిపూట గూబ కనపడితే కాకులు ఊరుకోవు. ఇరవై దాకా తగులుకుని దాన్ని చెరువు అవతలికి తరిమాయి. వీళ్ళు సర్వపిండి తిని, సెల్ఫీ దిగి, "మళ్ళీ వారం కలుద్దాం" అనుకుని దిగిపోయారు. కొమ్మ లేని బండ సందులోకి ఎండ దిగింది.

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో "వేట" అంటే ఏమిటో రాసిపెట్టి ఉంది. తుపాకీ, ఉచ్చు, విషం మాత్రమే కాదు. పక్షి గుడ్లను, గూటిని కదిలించి ఇబ్బంది పెట్టడం కూడా వేటే. కాబట్టి రీల్ కింద రాయాల్సిన మాట "కాపాడుకుందాం" కాదు. "వేటకు పోయినం, సక్సెస్" అని రాస్తే సరిపోతుంది.

నాలుగో రోజు నేనొక్కణ్ణే వెళ్ళాను. గూటి దగ్గరికి పోకూడదని అంటున్న నేనే దగ్గరికి పోయాను, ఎందుకంటే పోకూడదనడానికి అక్కడేమీ మిగల్లేదు. ఒక గుడ్డు పగలకుండా ఉంది, చల్లగా. పక్కన ఒక పిల్ల. బూడిద కలిపిన దూదిలా ఉంది, చీమలు పట్టాయి. ముక్కు కొన మీద తెల్లటి చుక్క ఇంకా ఉంది. గుడ్డు పెంకు లోపలి నుంచి పగలగొట్టుకోవడానికి పిల్లకు ఉండే చిన్న పన్ను అది, కొన్ని రోజుల్లో రాలిపోతుంది. రాలిపోయేదాకా కూడా బతకనివ్వలేదు నా కొడుకులు. నాతో సహా. ఆ గూడు ఉందని మావాడికి సంక్రాంతికి గొప్పగా చెప్పింది నేనే.

రాబందుల సంగతీ ఇంతే. వాటిని చంపాలని ఎవరూ అనుకోలేదు. పశువుకు నొప్పి తగ్గాలని డైక్లోఫెనాక్ సూది వేశారు, పశువు చచ్చింది, దాన్ని తిన్న రాబందుకు కిడ్నీలు పోయాయి. 1992 నుంచి 2007 దాకా దేశంలో తెల్లనడుము రాబందులు వందకు 99 పైన తగ్గిపోయాయి. పశువులకు ఆ మందు వాడొద్దని 2006లో ఆపితే, మనుషుల కోసమని వచ్చే పెద్ద సీసాలు తెచ్చి పశువులకు పొడిచారు. ఆ సీసా 3 మిల్లీలీటర్లు దాటకూడదని చెప్పడానికి 2015 దాకా పట్టింది. ఇన్నేళ్ళలో ఒక్కడైనా "రాబందును కాపాడుకుందాం" అని డప్పులు పెట్టి వీడియో తీశాడా? అసహ్యంగా ఉంటుంది గదా, బోడి మెడ. లైకులు రావు.

2013లో బెజ్జూరు అడవిలో, పెద్దవాగు పక్కన పాలరాపు గుట్ట మీద పొడుగు ముక్కు రాబందుల గూళ్ళు బయటపడ్డప్పుడు కొందరు చేసిన పని ఇది: దూరంగా కూర్చుని బైనాక్యులర్‌తో చూసి, ఎన్ని ఉన్నాయో పుస్తకంలో రాసుకోవడం. ఏడాదికి ఒక్క గుడ్డు పెట్టే పక్షి, ఒక్కటి పోయినా ఏడాది పోయినట్టే. అట్లా దూరం నుంచి చూసినవాళ్ళ వీడియో మీకెవరికీ వచ్చి ఉండదు. అందులో పక్షి చుక్కంత కనపడుతుంది.

నిన్న పొద్దున మావాడు మళ్ళీ ఫోన్ చేశాడు. "మామా, ఆ రీల్‌కు మూడు లక్షల వ్యూస్. కానీ ఆ గుట్ట మీద ఇప్పుడేం లేదు. నీకు ఇంకేదైనా గూడు తెలుసా?"

డాబా మీద నిలబడి ఉన్నాను. పక్కింటి వేపచెట్టులో ఒక చిన్న డేగ, పావురమంతది, ముక్కున పుల్ల పట్టుకుని కొమ్మల్లోకి దూరింది. ఇది నాలుగోసారి పొద్దున్నుంచి.

"తెల్వదురా" అన్నాను. ఫోన్ పెట్టేసి, లోపలికొచ్చి డాబా తలుపు గడియ పెట్టాను.