ఇంటికి నెట్ ఉంది, అడ్రస్ మాత్రం లేదు

పోయిన ఎండాకాలం ఉప్పల్‌లో మా అమ్మ వాళ్ళింటికి నాలుగు కెమెరాలు పెట్టించా, నేనుండేది మియాపూర్‌లో, అమ్మ ఒక్కతే ఉంటుంది కాబట్టి ఫోన్‌లో చూసుకోవచ్చని. ఇంట్లో డీవీఆర్ (కెమెరాల వీడియో రికార్డ్ చేసే పెట్టె) బానే పనిచేస్తోంది గానీ బయట్నుంచి కనెక్టే కావట్లే. కెమెరాల అబ్బాయి రెండుసార్లొచ్చి పోర్ట్ ఫార్వర్డింగ్ (బయట్నుంచి వచ్చే కనెక్షన్‌ని రూటర్ లోపలి డీవీఆర్‌కి పంపే సెట్టింగ్) మొత్తం చూసి "అన్నా, సెట్టింగ్స్ కరెక్టే ఉన్నయ్, మీ నెట్‌లనే ఏదో ఉంది" అని పోయాడు. రూటర్ పేజీ తెరిచి చూస్తే వ్యాన్ ఐపీ, అంటే నెట్ కంపెనీ మా రూటర్‌కిచ్చిన ఇంటర్నెట్ అడ్రస్ దగ్గర 100.78 అని మొదలయ్యే అడ్రస్ కనపడింది, విషయం అప్పుడర్థమైంది.

100.64 నుంచి 100.127 దాకా ఉన్న అడ్రస్‌లు 2012లో నెట్ కంపెనీల లోపలి వాడకానికని పక్కన పెట్టినవి, బయటి ఇంటర్నెట్‌లో వాటికి దారే ఉండదు. అంటే మా ఇంటికి సొంత అడ్రస్ లేదు, ఒకే పబ్లిక్ అడ్రస్ వెనకాల చాలా ఇళ్ళని కూర్చోబెట్టారు.

మన పాతబస్తీ డోర్ నంబర్లు చూడండి, వార్డు, బ్లాకు, ఇల్లు అని మొదలై, మధ్యలో కొత్త ఇళ్ళు లేచేకొద్దీ స్లాష్ ఏ, స్లాష్ 1 అంటూ తోకలు పెరిగాయి. ఇంటర్నెట్ పాత అడ్రస్ పద్ధతి ఐపీవీ4కి ఆ తోక పెట్టే చోటు కూడా లేదు. 1981లో ఖాయం చేసిన ప్యాకెట్ హెడర్ (నెట్‌లో పోయే ప్రతి డేటా ముక్క మీదా ఉండే చీటీ) కనీసం 20 బైట్లు, అందులో పంపేవాళ్ళ అడ్రస్‌కి 4, అందుకునేవాళ్ళకి 4, అంతే. 32 బిట్లకి సుమారు 429 కోట్ల అడ్రస్‌లే వస్తాయి, ప్రపంచం మొత్తానికి ఉన్న ఆ స్టాకు 2011 ఫిబ్రవరిలోనే పంచడం అయిపోయింది.

అందుకే పోర్ట్ నంబర్‌ని (ఒకే అడ్రస్ మీద ఏ కనెక్షన్ ఏదో చెప్పే నంబర్) వాడుకుంటున్నారు, అది ఐపీ హెడర్‌లో కాదు, దాని వెనకొచ్చే టీసీపీ హెడర్‌లో ఉంటుంది, 16 బిట్లు. అమ్మ ఫోన్ నుంచి బయల్దేరిన ప్యాకెట్ మీద 192.168 అని మొదలయ్యే ఇంటి లోపలి అడ్రస్ ఉంటే ఇంటి రూటర్ దాన్ని 100.78గా మారుస్తుంది, నెట్ కంపెనీ పెట్టె మళ్ళీ పబ్లిక్ అడ్రస్‌గా మార్చి, ఏ పోర్ట్ ఎవరిదో టేబుల్‌లో రాసుకుంటుంది, జవాబొస్తే అది చూసి లోపలికి పంపిస్తుంది. కానీ మియాపూర్ నుంచి నేను పంపే మొదటి ప్యాకెట్‌కి ఆ టేబుల్‌లో లైనే లేదు, దాంతో అది అక్కడే పడిపోతుంది. ఇంటి రూటర్‌లో ఎన్ని పోర్ట్‌లు తెరిచినా ఏం లాభం, ప్యాకెట్ అక్కడిదాకా రానే రాదు కదా!

అడ్రస్‌లు అయిపోవడం నెట్ కంపెనీవాళ్ళ తప్పని నేననట్లేదు. కనెక్షన్ ఇచ్చేటప్పుడు ఎంత స్పీడో చెప్పి ఈ ముక్క చెప్పకపోవడం తప్పు, అడిగితే స్టాటిక్ ఐపీకి (మారకుండా మనకే ఉండే పబ్లిక్ అడ్రస్) నెలనెలా అదనంగా కట్టమనడం ఇంకా తప్పు. ఎందుకంటే ఐపీవీ4 తర్వాతి కొత్త పద్ధతి ఐపీవీ6 స్పెసిఫికేషన్ 1998లోనే వచ్చింది, 128 బిట్ల అడ్రస్, ఒక్కో ఇంటికీ ఒక్కో పెద్ద బ్లాకే ఇచ్చేయొచ్చు. అడ్రస్ నాలుగింతలైనా హెడర్ 40 బైట్లే అయింది, పాత దాంట్లో ప్రతి రూటరూ టీటీఎల్ (ప్యాకెట్ ఇంకెన్ని రూటర్లు దాటొచ్చో చెప్పే అంకె) ఒకటి తగ్గించి చెక్‌సమ్ (హెడర్ చెడలేదని చూసుకునే లెక్క) మళ్ళీ లెక్కేయాల్సొచ్చేది, ఆ చెక్‌సమ్‌నే తీసేశారు (నాకు బాగా నచ్చిన మార్పు ఇది). మన మొబైల్ నెట్‌వర్క్‌ల్లో, ముఖ్యంగా 2016లో జియో వచ్చాక, ఐపీవీ6 మామూలైపోయింది. నా జేబులో ఫోన్‌కి దొరికేది అమ్మ ఇంటి ఫైబర్‌కి ఎందుకు దొరకదు?

అడ్రస్ దాగుంటేనే సేఫ్ అనేవాళ్ళున్నారు, నేనొప్పుకోను. ఎవర్ని రానివ్వాలో, ఎవర్ని ఆపాలో చూడాల్సింది ఫైర్‌వాల్ అనే కాపలా సాఫ్ట్‌వేర్, అది ఐపీవీ6లోనూ రూటర్‌లో ఉంటుంది, తలుపు ఎవరికి తీయాలో మనమే చెప్పొచ్చు. ఇప్పుడైతే నేరుగా కనెక్టయ్యే దారి లేక మా అమ్మ గేటు వీడియో ఎక్కడో ఉన్న కెమెరా కంపెనీ సర్వర్‌కి పోయి అక్కణ్ణుంచి నాకొస్తోంది, ఇందులో సేఫ్ ఏముంది?

కొత్త కనెక్షన్ తీసుకునేవాళ్ళు స్పీడ్ అడిగే ముందు ఐపీవీ6 ఇస్తారా, పబ్లిక్ అడ్రస్ ఇస్తారా అని అడగండి. మొన్న రెన్యువల్‌కొచ్చిన అబ్బాయిని నేనడిగా, ఆఫీస్‌లో కనుక్కుని చెప్తానన్నాడు, మూడు వారాలైంది, ఇంకా ఫోన్ రాలేదు.