ఎమోషనల్ ఇంటెలిజెన్స్ గారి సముఖమునకు

మహారాజశ్రీ ఎమోషనల్ ఇంటెలిజెన్స్ (అంటే మన మనసు, ఎదుటోళ్ల మనసు తెలుసుకొని మసలుకునే తెలివి) గారికి,

హన్మకొండలో ఒక ప్రైవేటు ఆఫీసులో పనిచేసే ఉద్యోగి నమస్కరించి రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. క్షేమమేనని ప్రతి శుక్రవారం ఫారంలో నవ్వు బొమ్మ కూడా నొక్కుతున్నం. నొక్కకపోతే లీవు పేజీ తెరుచుకోదు.

మీరు మా దగ్గరికి ఒక ట్రైనర్ వెంట వచ్చిన్రు. హంటర్ రోడ్డు దిక్కు ఫంక్షన్ హాలు, ప్రొజెక్టర్, మధ్యాహ్నం బగారన్నం. (అన్నం మంచిగుండె, అబద్ధమెందుకు.) మీ పుట్టుపూర్వోత్తరాలన్నీ ఆయన చెప్పిండు. 1990లో సాలొవే, మేయర్ అనే ఇద్దరు అమెరికా సైకాలజిస్టులు మీ పేరు మీద వ్యాసం రాసిన్రట. 1995లో డానియల్ గోల్‌మన్ అనే రచయిత పుస్తకంతో ప్రపంచమంతా తిరిగిన్రట. 1998లో ఆయనే మిమ్ముల ఐదు భాగాలు చేసిండట: స్వీయ అవగాహన, స్వీయ నియంత్రణ, ప్రేరణ, సహానుభూతి, సామాజిక నైపుణ్యం.

ఆఫీసుకు తిరిగొచ్చినంక ఆ ఐదింటికి అన్నదమ్ముల ఆస్తి లెక్క వాటాలు పడ్డయి. స్వీయ నియంత్రణ మొత్తం స్టాఫ్‌కు రాసిచ్చిన్రు. ప్రేరణ పోస్టరై జిరాక్స్ మిషన్ పైన ఎక్కింది. సామాజిక నైపుణ్యం సేల్స్ వాళ్లు ఎత్తుకపోయిన్రు. సహానుభూతి ఎవరికి పడ్డదో పత్తా లేదు. స్వీయ అవగాహన మాత్రం మేనేజర్ క్యాబిన్ దాకా పోయింది గని, లోపల మీటింగ్ నడుస్తుందంటే బయటి కుర్చీలనే కూసున్నది. ఇంకా లేవలేదు.

ఒక్క అనుమానం తీర్చండి. 1998లో గోల్‌మన్ ఆ ఐదింటినీ రాసింది నాయకుడికి ఏం కావాలో చెప్పడానికి కదా? మరి వాటి మీద మార్కుల పరీక్ష క్లర్కులకెందుకు పెడుతున్నరు?

2024 మేడారం జాతర సంగతి చెప్త. అకౌంట్స్‌లో పనిచేసే అక్కకు మొక్కు ఉండె. బిడ్డ జబ్బు నయమైతే నిలువెత్తు బంగారం ఇస్తనని. మనకాడ జాతర బంగారమంటే బెల్లమని, నిలువెత్తంటే మనిషి బరువంతని మీకు తెలువకపోవచ్చు. సమ్మక్క తల్లి గురువారం గద్దెకు వస్తది కాబట్టి గురు, శుక్రవారాలు లీవు అడిగింది. మేనేజర్ సారు ట్రైనింగ్‌లో నేర్చుకున్నట్టే లాప్‌టాప్ మూసిండు, ముందుకు వంగిండు, కండ్లల్లకు చూసిండు.

"అంటే, మీకు జాతరకు పోవాలనుంది."

"ఔను సార్."

"పోకపోతే మీ మనసు కష్టపడ్తది."

"ఔను సార్, మొక్కు కదా."

"మీరింత మనసు విప్పి మాట్లాడినందుకు చాలా సంతోషం."

అంతే. మళ్ల లాప్‌టాప్ తెరిచిండు. అక్క ఇంకా రెండు నిమిషాలు నిలబడ్డది, లీవు సంగతి ఇప్పుడు వస్తదేమోనని. శుక్రవారం సారే వీఐపీ పాసు మీద కుటుంబంతోని పోయి దర్శనం చేసుకున్నడు. సోమవారం పొద్దున అక్క టేబుల్ మీద, జీతాల ఫైలు పక్కన, కాగితంల చుట్టిన బెల్లం ముక్క పెట్టిండు. "బంగారం తీస్కోమ్మా, తల్లి దయ." అక్క తీసుకున్నది గని నవ్వలేదు. ఆ ఏడు ఆమె అప్రైజల్‌లో ఒక వాక్యం: "భావోద్వేగాలను అదుపులో పెట్టుకోవడం మెరుగుపడాలి."

ఇంతకుముందున్న మేనేజర్‌ను మీరు చూసి ఉండరు. మీ పరీక్ష రాస్తే ఆయన సున్నాతోని తప్పుతుండె. నోరు తెరిస్తే తిట్లే. కానీ జాతర ఏడు వస్తే నెల ముందుగాల్నే కాగితం మీద గీతలు కొట్టి, ఎవరు ఏ రోజు పోతరు, ఎవరి పని ఎవరు చూస్తరు అని రాసి వాటర్ ఫిల్టర్ మీద అంటించేటోడు. "ఇగో, నీ పని నేను చేసి చస్త, పోయిరా పో" అనేటోడు. ఆయనకు సక్కగ వినుడు రాదు, లీవు ఇచ్చుడొక్కటే వచ్చు.

హెచ్.ఆర్. మేడం మీద నాకు కోపం లేదు. పైనుంచి వచ్చిన ఫారాలు కిందికి పంపుడే ఆమె కొలువు. ఏడ్చినోళ్లకు ఇయ్యమని టిష్యూ డబ్బా ఇచ్చిన్రు గని లీవు మంజూరు చేసే అధికారం ఇయ్యలేదు. విమానంలో పనిచేసే ఆడవాళ్ల నవ్వు కూడా జీతంలో భాగమైపోయిందని 1983లోనే ఆర్లీ హోష్‌షీల్డ్ అనే సోషియాలజిస్టు రాసింది. మా మేడం నవ్వుకు మాత్రం వేరే అలవెన్సు లేదు.

మా వరంగల్‌ల 1934ల పెట్టిన అజాంజాహి మిల్లు ఉండేది. అప్పట్ల కార్మికునికి కోపమొస్తే యూనియన్ ఆఫీసుకు పోయేటోడు. మీరొచ్చినంక కోపాన్ని ఊపిరితిత్తులల్లకు పొమ్మంటున్నరు: నాలుగు అంకెలు పీల్చు, నాలుగు అంకెలు వదులు. పీల్చినం, వదిలినం. లీవు రాలేదు.

నా సంగతి కూడా చెప్పి ముగిస్త. మొన్నటి మీటింగ్‌లో సారు "ఎవరికైనా మనసులో మాట ఉంటే నిర్భయంగా చెప్పండి" అన్నడు. "సార్, మీ నిలువెత్తు బంగారం ఎన్ని కిలోలు తూగింది?" అని అడిగిన.

ఇట్లు,
స్వీయ నియంత్రణలో ఐదుకు ఒకటి వచ్చిన,
తమ విధేయుడు