ఒక మిల్లీలీటరు రక్తం ఏం చెప్పాలి?

ఎనిమిది వందల గ్రాముల బిడ్డ ఒంట్లో రక్తమంతా కలిపితే సుమారు 70 మిల్లీలీటర్లు. అందులోంచి పరీక్షకని ఒక్క మిల్లీలీటరు తీయడమంటే, పెద్దవాళ్ల ఒంట్లోంచి ఒకేసారి 70 మిల్లీలీటర్లు లాగినట్టే. అందుకే నెలలు నిండని పిల్లలకొచ్చే ఊపిరితిత్తుల జబ్బును ముందే పట్టిస్తుందనే కొత్త బయోమార్కర్ (రక్తంలో కొలిచి జబ్బు జాడ చెప్పే పదార్థం) మాట వినగానే నాకు ఒకటే సందేహం: ఆ రిజల్ట్ చూశాక డాక్టరు చేసే పని ఏమైనా మారుతుందా?

నెలలు నిండని పిల్లల్లో వచ్చే ఈ దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బును 1967లో విలియం నార్త్‌వే బృందం మొదటిసారి వర్ణించింది. పేరు బ్రాంకోపల్మనరీ డిస్‌ప్లేషియా, పొట్టిగా బీపీడీ. ఆక్సిజన్, వెంటిలేటర్ ఒత్తిడి, ఇన్‌ఫెక్షన్ ఇవన్నీ లేత ఊపిరితిత్తుల్లో ఇన్‌ఫ్లమేషన్ (వాపు) రేపుతాయి. గాలి గదులు ఏర్పడాల్సిన సమయంలో ఆ ఎదుగుదల కుంటుపడుతుంది. కాబట్టి ఇంటర్‌ల్యూకిన్-6, 8 లాంటి సైటోకైన్లు (ఇన్‌ఫ్లమేషన్ సంకేతాలు మోసే ప్రోటీన్లు) రక్తంలో పెరిగితే ముందే పసిగట్టొచ్చన్న ఆశ సహజమే. 2009లో వచ్చిన ఒక అమెరికా అధ్యయనం వెయ్యి గ్రాముల లోపు బరువున్న వెయ్యిమందికి పైగా పిల్లల్లో 25 సైటోకైన్లు కొలిచింది. బీపీడీ వచ్చిన లేదా చనిపోయిన పిల్లల్లో కొన్ని ఎక్కువగా, కొన్ని తక్కువగా కనిపించాయి.

కానీ గుంపుల సగటులో తేడా వేరు, ఎదురుగా ఉన్న బిడ్డ సంగతి వేరు. ఎన్నో వారంలో పుట్టాడు, బరువెంత, ఎంత ఆక్సిజన్ మీద ఉన్నాడు అన్నవే చాలావరకు చెప్పేస్తాయి. వాటికి మించి ఏం చెబుతుందో చూపించని మార్కర్‌కి సూది గుచ్చడం దేనికి?

మార్కర్ నిజంగా అక్కరకొచ్చే చోటు ఒకటుంది: స్టెరాయిడ్ ఇవ్వాలా వద్దా అన్న నిర్ణయం. బీపీడీ ముప్పు తక్కువగా ఉన్న పిల్లలకు డెక్సామెథసోన్ లాంటి స్టెరాయిడ్ ఇస్తే మరణం లేదా సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతిని కదలికలు కుంటుపడే స్థితి) ప్రమాదం పెరుగుతుందని, ముప్పు బాగా ఎక్కువైతే తగ్గుతుందని 2005లో డాయల్ బృందం విశ్లేషణ తేల్చింది. మందు అదే. ముప్పు అంచనా తప్పితే మేలు కాస్తా కీడవుతుంది. మొదటి వారం చివర్లో ముప్పు ఎక్కువ, తక్కువల మధ్య గీతకు ఎవరు ఏ పక్కనున్నారో కచ్చితంగా చెప్పే పరీక్షకైతే ఆ మిల్లీలీటరు ఇచ్చేయొచ్చు.

పోనీ శ్వాసనాళంలోంచి తీసిన ద్రవం చూద్దామంటే, ట్యూబ్ వేసిన పిల్లల దగ్గరే అది దొరుకుతుంది. ఇప్పుడు చాలామందిని సీప్యాప్‌తోనే (ట్యూబ్ లేకుండా ముక్కు ద్వారా ఒత్తిడితో గాలి అందించే పద్ధతి) నెట్టుకొస్తున్నారు (మంచిదే!), కాబట్టి శాంపిలే లేదు.

ఇంకో చిక్కు మనం పెట్టుకున్న కొలబద్దలోనే ఉంది. గర్భంతో కలిపి లెక్కిస్తే 36 వారాలకు ఆక్సిజనో శ్వాస సపోర్టో ఇంకా కావాలంటే బీపీడీ అంటున్నాం. ఒక ఆసుపత్రి యూనిట్ శాచురేషన్ (రక్తంలో ఆక్సిజన్ శాతం) కాస్త ఎక్కువ ఉండాలంటుంది, కాబట్టి ఆక్సిజన్ ఇస్తూనే ఉంటుంది, బిడ్డకు బీపీడీ అంటుంది. ఇంకో యూనిట్ కొంచెం తగ్గినా ఫర్వాలేదని ఆక్సిజన్ ఆపేస్తుంది, బీపీడీ లేదంటుంది. అదే బిడ్డ, అదే రక్తం, అదే ఇంటర్‌ల్యూకిన్ అంకె. అక్కడ మార్కర్ సరిగ్గా చెప్పినట్టు, ఇక్కడ తప్పినట్టు.