హద్రమౌత్ కరువుకి వానలొక్కటే కారణం కాదు
1943-44లో యెమెన్‌లోని హద్రమౌత్‌లో అంతమంది చనిపోవడానికి వానలు లేకపోవడమే కారణమని ఒక వ్యాసంలో రాశారు. అది సగం నిజం. అక్కడ చాలా ఇళ్లలో పొయ్యి వెలిగేది జావా, సింగపూర్‌లకి వలసపోయిన వాళ్లు పంపే డబ్బుతోనే. 1942లో ఆ రెండూ జపాన్ చేతికి పోగానే మనియార్డర్లూ ఆగిపోయాయి. రేవు పట్టణం ఏడెన్ నుంచి పాలించే బ్రిటిష్ వాళ్లకి ఈ సంగతి తెలియనిది కాదు. తెగల మధ్య బ్రిటిష్ అధికారి ఇంగ్రామ్స్ కుదిర్చిన సంధి నిజంగా గొప్ప పనే, కాదనను. కానీ బ్రిటిష్ విమానాలు ధాన్యం మోసింది 1944లో, అప్పటికే వేలమంది పోయారు. హైదరాబాద్ బార్కస్‌లో మా పక్కింటి తాతది హద్రమౌతే. పళ్లెంలో రాలిన మెతుకుని కూడా వేలితో అద్దుకుని తినేవాడు. ఆ కరువులోనే తన చెల్లెలు పోయిందని ఒక్కసారే చెప్పాడు.