ఆల్‌టైమ్ టాప్ టెన్ జాబితా గారికి పట్వారి విన్నపం

మహారాజశ్రీ ఆల్‌టైమ్ టాప్ టెన్ ఆల్బముల జాబితా గారి సముఖానికి, నల్లగొండ నుండి తమ గుమాస్తా నమస్కరించి వ్రాసుకొను విన్నపము. ఉభయకుశలోపరి.

ఇక్కడ మేమందరం క్షేమమే గాని, నలుగురిలో ఏ వారం ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారో చెప్పడం కష్టం. తమరు క్షేమమనడానికి మాత్రం సందేహం లేదు. మా మిత్రుడి ఎరువుల దుకాణం మీది గదిలో, ఏదో పురుగుమందుల కంపెనీ పంచిన పాత క్యాలెండర్ వెనుకవైపున, మేకుకు వేలాడుతూ తమరు సుఖంగానే ఉన్నారు. ముందువైపు పత్తిచేను, వెనుకవైపు తమరు. పదకొండేళ్లుగా కొట్టివేసి, రుద్ది, మళ్లీ రాయడం వల్ల మూడో స్థానం దగ్గర కాగితం ఎంత పలచబడిందంటే, ట్యూబులైటు వెలుగులో అవతలి పత్తికాయ పచ్చగా కనబడుతున్నది.

పాశ్చాత్య సంగీతం పిచ్చి పట్టి తమ కొలువులో ఉన్నది నలుగురమే. దుకాణం యజమానిది రాక్ పక్షం. ఫిజిక్సు చెప్పి రిటైరైన లెక్చరర్ గారిది జాజ్ పక్షం. హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తూ శనివారం రాత్రి బస్సుకు ఊరు చేరే తమ్ముడిది పంక్ పక్షం. నాకు పక్షం లేదు. అక్షరాలు గుండ్రంగా ఉంటాయన్న ఒకే ఒక అర్హత మీద రాతపని నాకు అప్పగించారు. వెనుకట ఊరికి పట్వారి ఎట్లాగో తమకు నేనట్లా. భూమి నాది కాదు గాని కాగితం నా చేతిలో ఉంటుంది.

ముందుగా నా ఫిర్యాదు ఏమిటో మనవి చేసుకుంటాను. తమరు పుట్టక ముందు మేము ఆ గదిలో పాటలు వినేవాళ్లం. తమరు గోడకెక్కిన తరువాత వినడం తగ్గింది, సాక్ష్యాలు చెప్పడం పెరిగింది. రామోన్స్ అనే పంక్ బృందం 1976లో తెచ్చిన మొదటి ఆల్బములో 14 పాటలున్నాయి, మొత్తం కలిపి 29 నిమిషాలు. దానికి తమలో చోటు ఉండాలా వద్దా అన్న విషయం మీద మేము మూడు ఆదివారాలు పోట్లాడుకున్నాం. ఆ మూడు ఆదివారాలలో ఆ 29 నిమిషాలు ఎవరికీ దొరకలేదు. ‘ఇరవై తొమ్మిది నిమిషాలదాన్ని ఆల్బమ్ అంటరా తమ్మీ? మా గేదెను పాలు పిండేంత సేపు లేదు’ అని యజమాని, ‘మీ పింక్ ఫ్లాయిడోళ్లు శ్రుతి చేసుకునేసరికే మావోళ్లు ఆల్బమ్ ముగించి ఇంటికి పోతరన్నా’ అని తమ్ముడు. ఈ రెండు వాక్యాలూ ఆ గదిలో ఎన్నిసార్లు వినబడ్డాయో, అందులో సగం సార్లైనా ఆ పాటలు వినబడలేదు.

కింద దుకాణానికి వచ్చే రైతులకు మేము ఏదో పెద్ద బేరంలో ఉన్నట్లు తోస్తుంది. ఒకనాడు ‘ఫస్ట్ ప్రెస్సింగ్ అయితే ధర వేరే ఉంటది’ అని యజమాని మెట్ల మీద నిలబడి అరుస్తుంటే, యూరియా బస్తా కోసం వచ్చిన ఒక పెద్దాయన సాంతం విని, ‘ఏ మిల్లుల ప్రెస్సింగు బిడ్డా? క్వింటాలుకు ఏం పెడ్తున్నరు?’ అని అడిగాడు. జిన్నింగు, ప్రెస్సింగు మిల్లులున్న జిల్లాలో అంతకన్నా సహజమైన ప్రశ్న లేదు. ఎల్పీ రికార్డును అచ్చు వేయడాన్ని కూడా ప్రెస్సింగు అంటారని చెప్పడానికి మాకు పావుగంట పట్టింది. అంతా విని ఆయన, ‘అయితే మీ తాన పత్తి లేదన్నట్టు’ అని వెళ్లిపోయాడు. పదకొండేళ్లలో మా వాదం మీద వెలువడిన స్పష్టమైన తీర్పు అదొక్కటే.

తమరు దశాబ్దాల గళ్లు గీయించుకోవడం వల్ల వచ్చిన తిప్పలు వేరు. ద క్లాష్ బృందం వారి ‘లండన్ కాలింగ్’ బ్రిటన్‌లో 1979 డిసెంబరులో, అమెరికాలో 1980 జనవరిలో విడుదలైంది. రోలింగ్ స్టోన్ పత్రిక దానిని ఎనభైల దశాబ్దానికి అత్యుత్తమ ఆల్బముగా 1989లో ప్రకటించింది. డెబ్బైల గడిలో రాస్తే పత్రిక ఒప్పుకోదు, ఎనభైల గడిలో రాస్తే తేదీ ఒప్పుకోదు. చివరకు భూమి హక్కుదారుణ్ణీ, సాగు చేసేవాణ్ణీ వేరువేరుగా రాసే పహాణీ పద్ధతి నేనే సూచించాను: పట్టా కాలమ్‌లో 1979, కాస్తు కాలమ్‌లో 1980. ఆ ఒక్క పూట అందరూ నన్ను మెచ్చుకున్నారు. మరుసటి వారం యజమాని తన బృందాలకు కూడా రెండేసి కాలమ్‌లు కావాలన్నాడు.

అయితే తమ కారణంగా జరిగిన అసలు ఘోరం జాజ్ విద్వాంసుడు మైల్స్ డేవిస్ వారి ‘కైండ్ ఆఫ్ బ్లూ’ వ్యవహారం. తమ మొదటి స్థానంలో లెక్చరర్ గారు ప్రతిష్ఠించిన ఆ ఆల్బము 1959 మార్చిలోను, ఏప్రిల్‌లోను న్యూయార్క్‌లోని కొలంబియా 30వ వీధి స్టూడియోలో రికార్డయింది. మార్చి 2న మూల టేపు తిరిగిన యంత్రం కాస్త నెమ్మదిగా నడిచింది. అట్లా నెమ్మదిగా పట్టినదానిని సరైన వేగంతో వినిపిస్తే శ్రుతి పైకి లేస్తుంది కాబట్టి, ఎల్పీ మొదటి వైపున్న మూడు రచనలూ వాయించినదానికన్నా సుమారు పావు స్వరం హెచ్చుగా లోకానికి చేరాయి. 1992లో గాని ఆ తప్పు సవరించలేదు. ఈ సంగతి ఎక్కడో చదివి వచ్చిన యజమాని, ‘ముప్పై మూడేండ్లు శ్రుతి తప్పినదానికి తల ఊపిండ్రు సార్’ అన్నాడు. లెక్చరర్ గారు తొణకలేదు. ఆ పావు స్వరంలోనే ఆ ఆల్బము కాంతి ఉన్నదనీ, సవరించిన ప్రతిలో అది చచ్చిపోయిందనీ, తాను విద్యార్థిగా ఉన్నప్పుడు స్నేహితుడి ఎల్పీ నుండి ఎక్కించుకున్న క్యాసెట్‌లోనే అది సజీవంగా ఉన్నదనీ రెండేళ్లు బోధించారు.

చివరకు రామాలయం భజన మండలి నుండి హార్మోనియం తెప్పించాం. వాయించే ఆయనకు జాజ్ గురించి తెలియదు. ఆ మాటకొస్తే అడగలేదు కూడా. ఆ మొదటి వైపున్న ‘సో వాట్’ కాసేపు విని, ‘ఇది ఖరహరప్రియ స్వరాలే గదా’ అని మెట్లు వెతికాడు. తమ్ముడి ఫోనులోని సవరించిన ప్రతి సరిగ్గా రెండు శ్రుతిలో నిలిచింది. సవరించనిది రెండుకు ఎక్కువ, రెండున్నరకు తక్కువ అన్నాడు. తరువాత లెక్చరర్ గారు తమ టూ-ఇన్-వన్‌లో క్యాసెట్ వేశారు. హార్మోనియం ఆయన మెట్టు మార్చలేదు. ‘ఇది గూడ రెండే సార్’ అన్నాడు. టూ-ఇన్-వన్ బెల్టు ఏ కాలంలోనో వదులై, టేపు నెమ్మదిగా తిరుగుతున్నది. హెచ్చిన శ్రుతిని అది కచ్చితంగా ఆ పావు స్వరమే దించి, ఇన్నేళ్లుగా లెక్చరర్ గారికి సవరించిన ప్రతినే వినిపిస్తున్నది. ఫిజిక్సు చెప్పిన మనిషి కాబట్టి ఎవరూ వివరించనక్కరలేకపోయింది. ఆయన క్యాసెట్ తీసి, పెన్సిలుతో టేపు బిగించుకుని, అంగీ జేబులో వేసుకున్నారు. ఆ తరువాతి రెండు ఆదివారాలు రాలేదు.

ఇక తమ ముందు ఒక తప్పు ఒప్పుకోవాలి. డేవ్ బ్రూబెక్ చతుష్టయం వారి ‘టైమ్ ఔట్’ నాకు ఇష్టం. అదే 1959లో, అదే స్టూడియోలో పుట్టినా, లెక్చరర్ గారు దానిని కాలేజీ పిల్లల జాజ్ అని తీసిపారేస్తారు. అందులోని ‘టేక్ ఫైవ్’ నడక అయిదు మాత్రలది. మన ఖండచాపు రెండు, మూడుగా విరిగితే అది మూడు, రెండుగా విరుగుతుంది. మా తాత చెక్కభజనలో ఆరితేరినవాడు కావడం చేతనో ఏమో, దానికి నా కాలు దానంతటదే ఆడుతుంది. పదకొండేళ్లలో నేను ఆ పేరు రెండుసార్లు ఎత్తాను. రెండుసార్లూ నన్ను చాయ్ చెప్పి రమ్మన్నారు.

లెక్చరర్ గారు రాని ఒక ఆదివారం, యజమాని కింద బస్తాలు దింపించుకుంటుండగా, తమ్ముడు ఫోనులో మాట్లాడుతుండగా, నేను తమ పదో స్థానంలోని పేరు కొట్టివేసి, అదే సిరాతో, అంతే గుండ్రంగా ‘టైమ్ ఔట్’ అని రాశాను. నాలుగు వారాలైనా ఎవరూ పట్టుకోలేదు. మొన్న యజమాని ఆ చోటు ఖాళీ చేయించి తన బృందానికి ఇప్పించాలని చూస్తే, లెక్చరర్ గారు కుర్చీలోంచి లేచి, మనమంతా కూర్చుని ఆలోచించి ఇచ్చిన స్థానాన్ని ఇప్పుడు కదిలించడానికి వీల్లేదని గంటసేపు వాదించారు.

ఇట్లు,
తమ విధేయుడు, పట్వారి