జవాబులు పోల్చే ముందు ప్రశ్న ఎలా అడిగారో చూడాలి

వయసు మళ్లినవాళ్ల ఆరోగ్యం మీద దేశదేశాల్లో చేసిన సర్వేల గురించి ఒక వ్యాసం చదివాను. మీ ఆరోగ్యం ఎలా ఉందన్న ప్రశ్నకు వేర్వేరు దేశాలవాళ్లు చెప్పిన జవాబుల్ని అందులో పక్కపక్కన పెట్టి పోల్చేశారు, అదే నాకు నచ్చలేదు. మా అమ్మమ్మను అడగండి, మోకాళ్లు పట్టుకుని లేస్తూనే "నాకేంరా, బానే ఉన్నా" అంటుంది. ఆమె లెక్కలో మంచాన పడితేనే అనారోగ్యం.

ఈ తంటా సర్వేవాళ్లకు తెలియనిది కాదు. యూరప్‌లో 2004లో మొదలైన 'షేర్' అనే అలాంటి సర్వేలో ఒక ఉపాయం చేశారు: ఫలానా మనిషికి ఇంత నొప్పి, ఇంత దూరమే నడవగలడు అని ఒక ఊహాజనిత మనిషి గురించి చెప్పి, ఇతని కష్టం ఎంతంటారు అని కొందరిని అడిగారు. దాంతో ఎవరి కొలబద్ద ఎంత పొడుగో తెలుస్తుంది. మన దేశంలో ఇలాంటిదే అయిన 'లాసీ' సర్వే (2017-18లో తొలి విడత, 72 వేలకు పైగా మంది) పిడికిలి పట్టు, బీపీ కూడా కొలిచింది, అక్కడ మొహమాటాలు ఉండవు కదా.

ఈ సర్వేల్లో పెట్టే జ్ఞాపకశక్తి పరీక్షలే ఇంకా చిక్కు. వంద లోంచి ఏడేడు తీసేస్తూ పొమ్మంటే బడికి వెళ్లని మనిషి తడబడుతుంది, అదే మనిషి పాలవాడి నెల లెక్కలో రూపాయి పోనివ్వదు. తేదీ అడిగితే మా అమ్మమ్మ "ఏకాదశి వెళ్లి రెండ్రోజులైంది" అంటుంది, దానికి మార్కు వేస్తారా వేయరా?

ఇంకోటి, లాసీలో 45 ఏళ్ల నుంచి తీసుకున్నారు, అమెరికాలో ఇలాంటి సర్వేలో 50 దాటినవాళ్లు. కనీసం ఆ వయసు తేడా అయినా సరిచేసి పోల్చారా?